నాలుగు రకాల సెట్లు, ఒకటే రహస్యం: వాకీటాకీ మాటలకు తాళం ఎలా వేయాలి

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు తిరిగి చెబుతాను, పొరబడితే సరిదిద్దండి. విజయవాడలో నాలుగు అంతస్తుల నగల దుకాణం, రెండు వీధుల అవతల గోడౌను. మొత్తం 31 వాకీటాకీలు. మోటరోలా డీఎంఆర్ సెట్లు 12, హైటెరా డీఎంఆర్ సెట్లు 7, కెన్‌వుడ్ ఎన్ఎక్స్‌డీఎన్ సెట్లు 5, పాత అనలాగ్ సెట్లు 7. డీఎంఆర్, ఎన్ఎక్స్‌డీఎన్ అనేవి రెండు వేర్వేరు డిజిటల్ రేడియో పద్ధతులు. 31 సెట్లూ ఇవాళ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి. మేడ మీద ఒక రిపీటర్, అంటే సిగ్నల్‌ను అందుకుని మళ్లీ దూరానికి పంపే పెట్టె, ఉంది. లాకరు గది ఎప్పుడు తెరుస్తారో, నగదు బ్యాంకుకు ఎప్పుడు బయలుదేరుతుందో మీవాళ్లు సెట్లలో చెప్పుకున్న మాటను బజారులో ఎవరో బయటివాళ్లు తిరిగి అన్నారు. చేతిలో లక్షన్నర ఉంది. అన్ని సెట్లకూ ఒకే ఎన్‌క్రిప్షన్, అంటే బయటివాళ్లకు మాట అర్థం కాకుండా మార్చే తాళం, పెట్టే చౌకైన చిప్పు గానీ పెట్టె గానీ ఉందా అన్నది మీ ప్రశ్న.

లేదు. ఉందని ఎవరైనా చెబితే వాళ్లు అమ్మబోయేది అనలాగ్ స్క్రాంబ్లర్ అయి ఉంటుంది, దాని సంగతి కింద చెబుతాను. అయితే ఆ 31లో 19 సెట్లకు దాదాపు ఖర్చు లేకుండా పనికొచ్చే తాళం వేయవచ్చు. మిగిలిన 12 సెట్లకు అసలు తాళమే అక్కర్లేదని నా అనుమానం. ఇరవై రెండేళ్లుగా ఈ సెట్లను విప్పి బిగించడం, ప్రోగ్రామింగ్ చేయడం నా వృత్తి. ఎన్‌క్రిప్షన్ కావాలని వచ్చినవాళ్లలో సగం మందికి నేను ముందు ఇయర్‌పీసులు అమ్మి పంపించాను. మీకూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట ఒక పెద్ద దుకాణం యజమాని ఇదే బాధతో వచ్చారు. లోపలి మాట బయటికి పోతోందని, ఎవరో రేడియో పెట్టి వింటున్నారని ఆయన నమ్మకం. కొత్త సెట్లకు కొటేషన్ ఇవ్వమన్నారు. కొటేషన్ కంటే ముందు ఒక సాయంత్రం వాళ్ల పార్కింగు ఎదుట టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. కాపలాదారు భుజానికి తగిలించుకున్న సెట్టు స్పీకరు గట్టిగా మోగుతోంది. మూడో అంతస్తు వాళ్లు మేనేజరుతో అన్న ప్రతి మాటా నా చేతిలో టీ చల్లారేలోపు నాకు తెలిసిపోయింది. టీ కొట్టు అతనికి ఇంకా ఎక్కువ తెలుసు, రోజంతా అక్కడే ఉంటాడు గదా. ప్రపంచంలోని ఏ ఎన్‌క్రిప్షనైనా స్పీకరు దాకానే కాపాడుతుంది. అక్కడి నుంచి బయటికి వచ్చేది మామూలు తెలుగే. కొన్ని వందల రూపాయల ఇయర్‌పీసు ఆ దుకాణంలో చేసిన మేలు ఏ తాళమూ చేయలేకపోయేది. కాబట్టి రహస్యం మోసే ప్రతి సెట్టుకూ ఇయర్‌పీసు మొదటి కొనుగోలు. బయట గేటు దగ్గరి కాపలాదారు సెట్టులో లాకరు గది మాటలు అసలు వినపడకూడదు. అది ఛానళ్లను విడదీస్తే తీరే పని, దానికీ డబ్బు అక్కర్లేదు.

ఇయర్‌పీసులు పెట్టాక కూడా మాట బయటికి పోతే అప్పుడు గాలిలో వినేవాళ్ల గురించి ఆలోచించాలి. వాళ్లు రెండు రకాలు. మీ ఫ్రీక్వెన్సీకి తిప్పిన చవక సెట్టుతో వినే పక్కింటివాడు ఒకడు. రెండోవాడి దగ్గర కంప్యూటరుకు గుచ్చే చిన్న రిసీవరు ఉంటుంది. డిజిటల్ టీవీ చూడడానికని తయారైన రియల్‌టెక్ చిప్పు ఒకటి వాకీటాకీలవి సహా చాలా ఫ్రీక్వెన్సీలను వినడానికి పనికొస్తుందని 2012 ప్రాంతంలో ఔత్సాహికులు కనిపెట్టారు. అప్పటి నుంచి కొద్ది వేల రూపాయల్లో ఆ పరికరం, దానికి ఉచిత సాఫ్ట్‌వేరు దొరుకుతున్నాయి. డీఎంఆర్, ఎన్ఎక్స్‌డీఎన్, అమెరికా పోలీసులు వాడే పీ25 అన్నిటినీ ఆ సాఫ్ట్‌వేరు విప్పి వినిపిస్తుంది. డిజిటల్ సెట్టు కొన్నాం కాబట్టి ఎవరూ వినలేరు అనుకునే కాలం పోయి చాలా ఏళ్లయింది. డీఎంఆర్ అనేది యూరప్ ప్రమాణాల సంస్థ ఎట్సీ 2005లో బహిరంగంగా ప్రచురించిన ప్రమాణం. ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా సెట్టు తయారు చేయవచ్చు. తాళం విడిగా వేస్తే తప్ప అందులో రహస్యం ఏమీ లేదు.

టోన్ల గురించి కూడా ఒక మాట. అట్టపెట్టెల మీద ప్రైవసీ కోడ్ అని రాసి ఉంటుంది, 38 ఉన్నాయి, 121 ఉన్నాయి అని గొప్పగా చెబుతారు. మనిషి చెవికి అంతగా ఆనని 67 హెర్ట్జ్, 88.5 హెర్ట్జ్ లాంటి సన్నని ధ్వనిని మాటతో పాటు పంపడం, ఆ ధ్వని ఉంటేనే స్పీకరు తెరవడం, అంతే దాని పని. అంటే ఇతరుల మాట మీకు వినపడకుండా మీ చెవులు మూస్తుంది. మీ మాట ఇతరులకు వినపడకుండా వాళ్ల చెవులు మూయదు. టోను తీసేసిన సెట్టు ఏదైనా అందరి మాటా వింటుంది.

ఇక స్క్రాంబ్లర్. అనలాగ్ సెట్ల మెనూలో చాలాసార్లు కనిపించే అంశం ఇది. మాటలోని హెచ్చు తగ్గు ధ్వనులను తలకిందులు చేస్తుంది. తిప్పే బిందువు 3,300 హెర్ట్జ్ అనుకుంటే 300 హెర్ట్జ్ ధ్వని 3,000గా, 1,000 హెర్ట్జ్ ధ్వని 2,300గా మారుతుంది. వినేవాడికి బాతు అరుపులా ఉంటుంది. అదే తిప్పుడు మరోసారి తిప్పితే మాట యథాతథం. ఇందులో కీ, అంటే తాళంచెవి లాంటి రహస్య సంఖ్య, ఏమీ లేదు, తిప్పే బిందువు ఎక్కడో ఊహిస్తే చాలు. దాన్ని కంప్యూటర్లో ఒక గుండీ జరుపుతూ చెవితోనే పట్టుకోవచ్చు. ఈ బిందువును సెకనుకు పలుమార్లు మార్చే రోలింగ్ కోడ్ బోర్డులు ఉన్నాయి, అవి కాస్త నయం. కానీ ఒక్కో సెట్టునూ విప్పి బోర్డు అతకాలి, ఒక కంపెనీ బోర్డు మరో కంపెనీ బోర్డుతో కలవదు, మాట స్పష్టత తగ్గుతుంది, బలహీనమైన సిగ్నల్ ఉన్న మూలల్లో అసలు అర్థమే కాదు. ఏడు పాత సెట్లకు బోర్డులు కొని అతికించే డబ్బుతో నాలుగైదు మామూలు డిజిటల్ సెట్లు చూసుకోవచ్చు. ఆ ఏడింటి మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

ఇప్పుడు మీ ప్రశ్నలో మీరు గమనించని సంగతి ఒకటి చెప్పాలి. 31 సెట్లూ ఇవాళ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయని రాశారు. డీఎంఆర్ సెట్టుకు ఎన్ఎక్స్‌డీఎన్ అర్థం కాదు. రెండూ డిజిటలే అయినా లిపి వేరు. పాత అనలాగ్ సెట్టుకు ఆ రెండూ అర్థం కావు. మరి అన్నీ ఎలా కలుస్తున్నాయి? ఒకే ఒక్క దారి ఉంది. మీ 19 డీఎంఆర్ సెట్లూ, ఐదు కెన్‌వుడ్ సెట్లూ అనలాగ్ మోడులో పడి ఉన్నాయి. సెట్లు పెట్టినవాళ్లు ఎవరో అందరికీ కలిసొచ్చే పద్ధతిగా అలా చేసి వెళ్లిపోయారు. అంటే డిజిటల్ సెట్లకు డబ్బు పోసి, వాటిని ముప్పై ఏళ్ల కిందటి పద్ధతిలో వాడుకుంటున్నారు. పక్కింటివాడి చవక సెట్టుకు మీ మాట వినపడడానికి ఇదొక్కటే చాలు. ఎన్‌క్రిప్షన్ ఎంచుకోవడం తర్వాత, ముందు ఉమ్మడి భాష మారాలి.

ఆ భాష మీ విషయంలో డీఎంఆరే. రెండు కంపెనీలవైనా 19 సెట్లు దాన్ని మాట్లాడగలవు. రిపీటర్ డీఎంఆర్‌దో అనలాగ్‌దో చూడండి. అనలాగ్ రిపీటర్ అయితే డిజిటల్ మాటను సరిగా మోయదు. నాలుగు అంతస్తుల భవనంలో రిపీటర్ లేకుండానే సెట్టు నుంచి సెట్టుకు అందుతుందేమో ముందు పరీక్షించండి. గోడౌనుకు మాత్రం రిపీటర్ కావాల్సి రావచ్చు. మీ బడ్జెట్లో పెద్ద ముక్క పోయేదంటూ ఉంటే అక్కడే పోతుంది. మాట మొత్తం దూరం తాళంతోనే ప్రయాణిస్తుంది కాబట్టి రిపీటర్‌లో కీ పెట్టాల్సిన పని లేదు. అది అర్థం తెలియని ఉత్తరాన్ని అందించే పోస్టుమ్యాన్ లాంటిది.

డీఎంఆర్‌లో తాళాలు మూడు మెట్లుగా ఉంటాయి. ఇక్కడే కంపెనీల మధ్య తికమక మొదలవుతుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

అడుగు మెట్టును బేసిక్ అంటారు. మోటరోలా బేసిక్ ప్రైవసీలో మీరు ఎంచుకోగలిగిన కీలు 255. అదే రకం సెట్టు చేతిలో ఉన్నవాడు తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయినా ఓపిక ఉంటే రెండు రాత్రుల పని. కంప్యూటరుకైతే పనే కాదు. హైటెరాలోనూ బేసిక్ అనే పేరే కనిపిస్తుంది, 40, 128, 256 అనే అంకెలు కూడా ఉంటాయి. కానీ అది హైటెరా సొంత పద్ధతి, మోటరోలా బేసిక్‌తో దానికి చుట్టరికం లేదు. పేరు ఒకటే కదా అని రెండు సెట్లలో బేసిక్ ఆన్ చేసి, గరగర తప్ప ఏమీ వినపడక, సెట్టు పాడైందని నా దగ్గరికి పట్టుకొచ్చినవాళ్లు ఉన్నారు. మీ కెన్‌వుడ్ సెట్లలో ఉండే ఎన్ఎక్స్‌డీఎన్ స్క్రాంబ్లర్ కూడా ఈ మెట్టుదే. అది 15 బిట్లది, అంటే కీ పొడవు 15 సున్నా-ఒకట్లు, కీలు 32,767. దానికున్న ఒక మంచి గుణం, ఐకామ్ ఎన్ఎక్స్‌డీఎన్ సెట్లతో కూడా కలుస్తుంది. పక్కింటివాడిని ఆపడానికి ఈ మెట్టు సరిపోతుంది. కంప్యూటరు ఉన్నవాడిని ఆపదు.

నడిమి మెట్టు ఏఆర్‌సీ4, 40 బిట్లు. మోటరోలా దీన్ని ఎన్‌హాన్స్‌డ్ ప్రైవసీ అంటుంది. వేర్వేరు కంపెనీలు కలిసి ఏర్పాటు చేసుకున్న డీఎంఆర్ అసోసియేషన్ ఒప్పుకున్న ఉమ్మడి పద్ధతుల్లో ఇదొకటి. హైటెరా సాఫ్ట్‌వేరులో అయితే బేసిక్ కాకుండా ఫుల్ అనే విభాగంలో ఏఆర్‌సీ4 పేరు కోసం వెతకాలి. మీ ప్రశ్నకు అసలు సమాధానం ఈ ఒక్క పేరే. వేర్వేరు కంపెనీల డీఎంఆర్ సెట్లు కలవాలంటే రెండు వైపులా ఏఆర్‌సీ4 ఉండాలి, లేదా రెండు వైపులా ఏఈఎస్ ఉండాలి. పై మెట్టు ఈ ఏఈఎస్-256, అంటే 256 బిట్ల కీ ఉన్న ఇంకా గట్టి తాళం. అదీ ఉమ్మడి పద్ధతే. కాకపోతే కొన్ని కంపెనీలు దాన్ని సెట్టుకింత అని విడి లైసెన్సుగా అమ్ముతాయి, చవక మోడళ్లలో చాలావాటికి ఇవ్వనే ఇవ్వవు.

ఏఆర్‌సీ4 పేరు వెనక చిన్న కథ ఉంది. అమెరికా శాస్త్రవేత్త రాన్ రివెస్ట్ 1987లో ఆర్‌సీ4 తయారు చేశారు. ఆయన కంపెనీ ఆర్ఎస్ఏ దాన్ని రహస్యంగా ఉంచింది. 1994లో ఎవరో పేరు చెప్పకుండా దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేశారు. పేరు మీద హక్కు కంపెనీది కాబట్టి, ఆర్‌సీ4 అని చెబుతున్నది అనే అర్థంలో జనం ముందు ఒక అక్షరం తగిలించి ఏఆర్‌సీ4 అన్నారు. 40 బిట్ల పరిమితి కూడా ఆ కాలపు అమెరికా ఎగుమతి నిబంధనల వాసనే. బయటి దేశాలకు అంతకంటే గట్టి తాళం అమ్మనిచ్చేవాళ్లు కాదు. 1995లోనే ఫ్రాన్స్‌లో ఒక పరిశోధకుడు తన సంస్థలో ఖాళీగా ఉన్న కంప్యూటర్లను వాడి 40 బిట్ల ఆర్‌సీ4 కీని ఎనిమిది రోజుల్లో పట్టుకున్నాడు.

ఇవాళ సంగతి లెక్క వేసి చూడండి. 40 బిట్లంటే సుమారు 1.1 లక్షల కోట్ల కీలు. సెకనుకు కోటి కీలు ప్రయత్నించే యంత్రానికి అన్నీ చూడడానికి 30 గంటలు చాలు. ఆటల కోసం కొనే గ్రాఫిక్స్ కార్డు అంతకంటే చురుకైనది. అలాగని ఎవరు పడితే వాళ్లు చేసే పని కాదిది. గాలిలో మాటను తప్పులు లేకుండా రికార్డు చేయాలి, అందులో ఎక్కడ నిశ్శబ్దం ఉందో ఊహించాలి, ప్రోగ్రాము రాయగలగాలి. అంత తెలిసినవాడు మీ దుకాణం మీద పని పెట్టుకుంటాడా అనేది మీరు తేల్చుకోవాల్సిన విషయం. రోజువారీ అమ్మకం డబ్బు అయితే నేను ఏఆర్‌సీ4తో ఆగుతాను. ధన్‌తేరస్, అక్షయ తృతీయ రోజుల్లో కదిలే సరుకు విలువ మీకే తెలుసు. అది చూసుకుని ఏఈఎస్ గురించి ఆలోచించండి.

చాలామంది ఇక్కడ ఒక వాదన తెస్తారు. నగదు బండి ఎనిమిదిన్నరకు బయలుదేరి తొమ్మిదికి బ్యాంకు చేరిపోతుంది, ఎవడో 30 గంటల తర్వాత తాళం విప్పుకుని ఏం చేస్తాడు అంటారు. ఒక్క రోజుకైతే ఈ మాట నిజమే. కానీ మీరు అదే కీని మూడేళ్లు వాడతారు. అందరూ అంతే చేస్తారు, సెట్లన్నిటినీ పోగు చేసి మళ్లీ ప్రోగ్రామింగ్ చేయించడం తలనొప్పి కాబట్టి. ఆదివారం రికార్డు చేసిన మాట మంగళవారం విప్పుకున్నవాడు బుధవారం నుంచి మీ మాటలు నేరుగా వింటాడు. కాబట్టి ఏఆర్‌సీ4 వాడదలచుకుంటే కీ మార్చే ఏర్పాటు కూడా అందులో భాగమే.

దీనికి నేను వాడే ఉపాయం చెబుతాను. ఈ సెట్లలో చాలావాటికి ఒకటికి మించి కీలు పడతాయి. ఒకే ఫ్రీక్వెన్సీని మూడు నుంచి ఆరు దాకా నాలుగు ఛానళ్లుగా పెట్టించండి, ఒక్కో ఛానలుకు ఒక్కో కీ. మొదటి త్రైమాసికం మూడో ఛానలు, తర్వాత నాలుగో ఛానలు, ఇలా. మారే రోజు ఉదయం హాజరు వేసేటప్పుడు ఇవాళ్టి నుంచి ఐదుకు తిప్పండి అని చెబితే చాలు, కేబులూ ల్యాప్‌టాపూ అక్కర్లేదు. ఏడాదికి ఒకసారి మాత్రం కొత్త నాలుగు కీలు ఎక్కించుకోండి. ఇందులో ఒక లోపం ఉంది. సెట్టు ఒకటి పోతే దాంతో పాటు నాలుగు కీలూ పోయినట్టే. అప్పుడు మాత్రం అన్ని సెట్లనూ మళ్లీ ప్రోగ్రామింగ్ చేయించక తప్పదు. దూరం నుంచి సెట్టును మూగబోయేలా చేసే సౌకర్యం ఉందని డీలరు చెబుతాడు. ఎత్తుకుపోయినవాడు సెట్టు ఆన్ చేసి మీ రిపీటర్ పరిధిలో ఉంటేనే అది పని చేస్తుంది, దాన్ని నమ్ముకోకండి.

కీ ఎలా తయారు చేయాలి? 1234567890 అని పెట్టిన సెట్లు నేను లెక్కపెట్టలేనన్ని చూశాను. మరికొన్ని చోట్ల యజమాని ఫోను నంబరు, సరిగ్గా పది అంకెలు కదా! రూపాయి బిళ్లను 40 సార్లు ఎగరేయండి. బొమ్మ పడితే 1, బొరుసు పడితే 0. నాలుగేసి కలిపితే ఒక్కో అక్షరం, మొత్తం పది అక్షరాలు. సున్నా నుంచి తొమ్మిది అంకెలు, ఆపై ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు అక్షరాలు, వీటితోనే కీ రాస్తారు. ఏఈఎస్-256కు 64 అక్షరాలు కావాలి, దానికి బిళ్ల ఎగరేస్తూ కూర్చోలేరు, ఇంటర్నెట్‌కు తగిలించని కంప్యూటరులో తయారు చేయించండి. కాగితం మీద రాసి మీ లాకరులో పెట్టుకోండి, వాట్సాప్‌లో డీలరుకు పంపకండి. మీ సెట్ల ప్రోగ్రాము ఫైలు డీలరు ల్యాప్‌టాపులో ఉంటుందని, కీలు అందులోనే ఉంటాయని చాలామందికి తట్టదు. కీలు లేని ఫైలు డీలరు దగ్గర ఉండనివ్వండి. కీలు ఎక్కించే చివరి మెట్టు మీ మనిషి మీ కంప్యూటరు మీద, పాస్‌వర్డు పెట్టుకుని చేసుకోవాలి. ఒక పూట కూర్చుంటే నేర్చుకునే పనే.

కొనే ముందు, ఇంకా చెప్పాలంటే ఆర్డరు ఖాయం చేసే ముందు, ఒక మోటరోలా సెట్టు, ఒక హైటెరా సెట్టు టేబులు మీద పెట్టి డీలరు చేత మీ కళ్ల ముందు కలిపించండి. బ్రోషరులో ఏఆర్‌సీ4 అని రాసి ఉండడం వేరు, మీ చేతిలో ఉన్న మోడలు, దాని లోపలి ఫర్మ్‌వేరు, అంటే సెట్టును నడిపే ప్రోగ్రాము, ఆ పని చేయడం వేరు. రెండిట్లో ఒకే కీ, ఒకే కీ నంబరు ఉండాలి. కీ సరిగ్గా ఉండి నంబరు తేడా వస్తే అవతలి సెట్టు ఏ తాళంచెవి వాడాలో తెలియక ఊరుకుంటుంది. ఒకసారి నాకు ఒక రోజంతా పోయింది ఇక్కడ. ఒక సాఫ్ట్‌వేరులో కీ నంబరు 10 అంటే పదే, రెండో దాంట్లో 10 అంటే పదహారు, ఎందుకంటే అది పదహారు అంకెల లెక్కలో చూపిస్తోంది. ఇంకో సెట్టులో కీ గడిలో టైపు చేసిన అంకెలను అంకెలుగా కాకుండా అక్షరాలుగా తీసుకుంటోంది. బయటికి అంతా ఒకేలా కనిపిస్తుంది, మాట మాత్రం కలవదు. అందుకే మొదటి పరీక్షకు కీ నంబరు 1, కీ అంతా ఒకే అంకె లాంటివి పెట్టి చూసి, కలిశాక అసలు కీ ఎక్కించడం నా అలవాటు. ఆ పరీక్ష కీని తర్వాత చెరిపేయడం మరవకండి.

కలిశాక ఇంకో మూడు చూడండి. ఒకరు మాట్లాడుతుండగా మధ్యలో రెండో సెట్టును ఆన్ చేయండి. అర సెకను, సెకనులో అది మాట అందుకోవాలి. డీఎంఆర్‌లో తాళం విప్పడానికి కావాల్సిన సమాచారం మాట మధ్య మధ్యలో కూడా వస్తూ ఉంటుంది, దాన్ని పట్టుకోవడం కొన్ని కలయికల్లో సరిగా కుదరదు. మెట్ల దగ్గర సిగ్నల్ తెగి కలిసే మీలాంటి భవనంలో ఇది చాలా ముఖ్యం. రెండోది, కీ లేని సెట్టు మౌనంగా ఉందా, గరగరమంటోందా చూడండి. గరగర అయితే సిబ్బంది దాన్ని పాడైన సెట్టు అనుకుని తాళం లేని ఛానలుకు తిప్పేస్తారు. మూడోది ఆపద గుండీ. అది నొక్కితే వెళ్లే సంకేతం రెండు కంపెనీల మధ్య తాళంతో కూడా పని చేస్తోందో లేదో చూడండి. ఇక్కడ రాజీ పడవద్దు, అవసరమైతే ఆపద సంకేతాన్ని తాళం లేకుండానే పోనివ్వండి.

మిగిలిన 12 సెట్ల మాటకొద్దాం. వాటిని పార్కింగు, హౌస్‌కీపింగు, సరుకు దించే మనుషులకు ఇచ్చి అనలాగ్ ఛానల్లోనే ఉంచండి. లిఫ్టు ఆగిపోయింది, మూడో అంతస్తుకు మంచినీళ్లు పంపండి అనే మాటలు ఎవరు వింటే ఏమిటి? కెన్‌వుడ్ ఐదూ మోడలును బట్టి డీఎంఆర్‌కు మారగలవేమో కనుక్కోండి. ఆ కంపెనీ కొన్ని మోడళ్లలో రెండు పద్ధతులూ ఇస్తోంది. మారితే మీ లెక్క 24 అవుతుంది. రెండు వైపులతోనూ మాట్లాడాల్సిన ఫ్లోరు సూపర్‌వైజరుకు రెండు సెట్లు ఇవ్వండి, రంగు టేపు చుట్టి. ఒకే సెట్టులో రెండు ఛానళ్లూ స్కాన్ చేసుకోవచ్చని డీలరు చెబుతాడు, ఒప్పుకోకండి. స్కానులో ఉన్న మనిషి ఏ ఛానల్లో జవాబిస్తున్నాడో చూసుకోడు. 2011లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు అక్కడి ప్రభుత్వ దర్యాప్తు సంస్థల రేడియోలను గమనించారు. ఏఈఎస్ ఉన్న ఖరీదైన సెట్లు వాడుతూ కూడా, తాళం ఆన్‌లో ఉందనుకుని సిబ్బంది బహిరంగంగా రహస్యాలు మాట్లాడేస్తున్నారని వాళ్లు కనుగొన్నారు. శిక్షణ పొందిన దర్యాప్తు అధికారులే పొరబడితే మీ సేల్స్ కుర్రాడు పొరబడడా? అందుకే తాళం వేసిన ఛానల్లో తాళాన్ని తీసే గుండీ ఉండకుండా ప్రోగ్రామింగ్‌లోనే బిగించేయండి.

తాళం ఎంత గట్టిదైనా దాచలేనివి కొన్ని ఉంటాయి. ఎవరి సెట్టు నంబరు ఎప్పుడు మాట్లాడింది, ఎంతసేపు, ఏ గ్రూపులో, ఇవన్నీ డీఎంఆర్‌లో బయటికి కనిపిస్తూనే ఉంటాయి. రోజూ సాయంత్రం అదే వేళకు అవే మూడు సెట్లు మాట్లాడుకుంటే వినేవాడికి మాట అర్థం కాకపోయినా పని అర్థమవుతుంది. నగదు వేళను రోజూ మార్చుకోవడం మీ చేతిలో పని.

టెట్రా అనే మరో డిజిటల్ పద్ధతి సెట్లకు మారిపోమని కూడా ఎవరైనా చెప్పవచ్చు. మీ బడ్జెట్లో అది కుదరదు, కుదిరినా తొందరపడకండి. 2023లో నెదర్లాండ్స్‌కు చెందిన మిడ్‌నైట్ బ్లూ అనే సంస్థ పరిశోధకులు, టెట్రాలో టీఈఏ1 అనే తాళం పైకి 80 బిట్లయినా లోపల 32 బిట్లకు కుదించి ఉందని బయటపెట్టారు. దశాబ్దాల పాటు దాన్ని రహస్యంగా ఉంచడంతో అది ఎవరికీ తెలియలేదు. అందరి ముందూ పరీక్షకు నిలిచిన ఏఈఎస్ లాంటిదే కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే. సిమ్ కార్డుతో నడిచే సెట్ల మాట కూడా మీకు వచ్చి ఉంటుంది. గోడౌనుకు అవి బాగానే ఉంటాయి. నేలమాళిగలో లాకరు గది ఉంటే అక్కడ ఫోను సిగ్నల్ ఎంతుందో ముందు చూసుకోండి.

చివరగా లైసెన్సు. ఇది తీసిపారేసే విషయం కాదు. మీ ఫ్రీక్వెన్సీ కేంద్ర టెలికమ్యూనికేషన్స్ శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చినదై ఉండాలి. లైసెన్సు లేకుండా వాడుకోదగ్గ 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ పట్టీ తక్కువ శక్తి సెట్లకే, మీ రిపీటర్‌కు అది వర్తించదు. లైసెన్సు కాగితంలో ప్రసార రకం అని ఒక సంకేతం ఉంటుంది. అనలాగ్ మాటకు అందులో చివర ఎఫ్3ఈ అని, డీఎంఆర్ మాటకు 7కే60ఎఫ్ఎక్స్ఈ అని కనిపిస్తుంది. మీ కాగితంలో అనలాగ్ ఒక్కటే ఉంటే డిజిటల్‌కు మారే ముందు సవరణ కోరాలి. ఆ దరఖాస్తులోనే ఎన్‌క్రిప్షన్ వాడతామని, ఏ పద్ధతో, ఎన్ని బిట్లో రాసి అనుమతి అడగండి. నోటిమాట కాదు, కాగితం మీద జవాబు వచ్చాకే తాళం ఆన్ చేయండి. సరళ్ సంచార్ పోర్టల్ ద్వారా ఇది నడుస్తుంది. కొత్త సెట్లు కొంటే వాటి ఆమోద పత్రం అడిగి తీసుకోండి. 2025లో ఆన్‌లైన్ దుకాణాల్లో అనుమతి లేని వాకీటాకీల అమ్మకం మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులు ఇచ్చి, ఆపై మార్గదర్శకాలు కూడా తెచ్చింది కాబట్టి చవకగా వచ్చిందని ఆన్‌లైన్‌లో దొరికిన సెట్టు కొనకండి. హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సు ఉన్న మిత్రుడి ఫ్రీక్వెన్సీ వాడుకుందామనే ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి. ఆ పట్టీలు వ్యాపారానికి కావు, అర్థం దాచే మాట అక్కడ నిషేధం.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటుంది. ఒక మోటరోలా, ఒక హైటెరా, ఒక కెన్‌వుడ్ సెట్టు బ్యాటరీ తీసి లోపలి చీటీ మీద ఉన్న మోడలు నంబరు పూర్తిగా, చివరి అక్షరాలతో సహా రాసి పెట్టండి. సీరియల్ నంబరు వద్దు. డీలరును ఫర్మ్‌వేరు సంఖ్య కూడా చదివి చెప్పమనండి. రిపీటర్ వెనక ఉన్న చీటీ కూడా చూడండి. అవి ఉంటే ఏ సెట్టు ఏఆర్‌సీ4తో ఆగుతుందో, ఏది ఏఈఎస్ దాకా వెళుతుందో చెప్పగలను. ఈలోగా గేటు దగ్గరి సెట్టుకు ఇయర్‌పీసు తగిలించండి, ఇవాళే.